కాటా ఆఫీసులో జెనరిక్స్

ఈ పొద్దు కడపలో మా ఇంటి వరండాలో కూర్చుని, రేపు ఉద్యోగపు ఇంటర్వ్యూకు పోవలసిన మనవరాలికి జావా అనే కంప్యూటరు భాషలోని జెనరిక్స్ గురించి గొప్పగా చెబుతున్నాను: జాబితా పక్కన కోణపు బ్రాకెట్లలో ఇందులో అంకెలే ఉండాలని ఒకసారి రాస్తే, జావాలో చచ్చినా అక్షరాలు దూరవని. ఆ పిల్ల పకపకా నవ్వి, “తాతా, కంపైల్ అయినాక ఆ రాతను జావానే చెరిపేస్తాది గదా!” అంది. నేను నమ్మలేదు. ఆ బ్రాకెట్లు లేని పాత పద్ధతిలో నాలుగు లైన్లు రాసి, అంకెల జాబితాలోకి ఒక మనిషి పేరును తోసి చూపించింది. రాసినదాన్ని తనిఖీ చేసి యంత్రానికి అర్థమయ్యేట్టు మార్చే కంపైలరు ఏదో హెచ్చరిక గొణిగి ఊరుకుంది. జాబితా కిక్కురుమనకుండా మింగేసింది.

నా ఈడువాళ్లకైతే తెలుస్తుంది ఈ బాధ. మంగంపేట ముగ్గురాయి గనుల్లో, లారీల బరువు తూచే కాటా ఆఫీసులో పనిచేసేవాణ్ని. చదివింది పదో తరగతి, కంప్యూటరు నేర్చింది బస్టాండు అంగడిలో కొన్న పాత పుస్తకాల్లో. బరువు చీటీలు అచ్చువేసే ప్రోగ్రామును నేనే జావాలో రాశాను. అప్పటికింకా దానికి జెనరిక్స్ లేవు. జాబితాలో ఏది వేసినా పట్టేది, బయటికి తీసేటప్పుడే పేచీ. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, బరువుల జాబితాలోకి అక్షరాలు కలిసిన ఒక లారీ నంబరు దూరి, ప్రోగ్రాము కుప్పకూలింది. చీటీ లేనిదే లారీ కదలదు గనుక, రోడ్డు దాకా బండ్లు నిలిచిపోయి డ్రైవర్లు కిటికీ మీద పడ్డారు: “ఏమప్పా, ఈడ ఎండకు మాడిపోతాండాం, నీ పెట్టెకు సద్ది గాని పెట్టల్నా?” యజమాని బావమరిదైతే, డిగ్రీ లేనోని చేతికి మిషనిస్తే ఇట్లే ఉంటాదని అందరి ముందూ అని, ఇంకొకసారి ఆగితే ఇంటికే పొమ్మన్నాడు.

ఆ తర్వాత జెనరిక్స్‌తో కొత్త జావా వచ్చింది. అంతా తిరగరాసి కంపైల్ చేస్తే, ఆ తప్పు లైనును కంపైలరే వేలుపెట్టి చూపించింది. మళ్లీ కాటా ఆగలేదు, నా ఉద్యోగమూ నిలిచింది. ఆ ధీమాతోనే కదా ఇన్నేళ్లూ తక్కిన భాషలను ఎగతాళి చేశాను: సీ ప్లస్ ప్లస్ అంకెలకొకటి, అక్షరాలకొకటి అని ఒక్కో రకానికి ఒక్కో నకలు తయారుచేసి ప్రోగ్రామును లావెక్కిస్తుందని, పైథాన్ రకం రాయించుకుని కూడా నడిచేటప్పుడు పట్టించుకోదని, గో అనే భాష జెనరిక్స్ వద్దని ఏళ్ల తరబడి బిగుసుకుని కూర్చుని చివరికి దారికొచ్చిందని! నేను ముట్టుకోనైనా ముట్టని సీ షార్ప్ మాత్రం నడిచేటప్పుడు కూడా రకాన్ని మరిచిపోదట. గేటులోనే ఉందనుకున్న నా కాపలా, ఒకసారి చూసి ఇంటికి పోయిందా? ఎంత అన్యాయం! రేపు ఆ పిల్ల నా మాటే ఇంటర్వ్యూలో చెబితే ఏమయ్యేది?

జావా చేసినవాళ్లు ఎందుకు చేశారీ పని అని గద్దించాను. “జెనరిక్స్ రాకముందు నీ మాదిరి వాళ్లు రాసిన పాత ప్రోగ్రాములు కొత్త జావాలో ఆగిపోగూడదని అంట తాతా,” అంది.

ఆ కాటా ఆఫీసులో ఇప్పుడు నా ప్రోగ్రామూ లేదు, నన్నెరిగినవాళ్లూ లేరు. పాతదైతే ఫోను కూడా పనిచేయనని మొండికేసే ఈ రోజుల్లో, నాబోటివాళ్ల రాత ఆగకూడదని ఒక భాష తన రాతను తానే చెరుపుకుందంటే, తిట్టడానికి తెరిచిన నోటితోనే, రేపు అక్కడ ఈ ముక్క కూడా చెప్పమన్నాను.