పదిన్నర క్లాసు

మొన్న కారు టైరు మార్పించడానికి షాపుకి వెళ్ళి, అక్కడి సింకు దగ్గర చేతులు కడుక్కుంటుంటే నారింజ తొక్క వాసన వచ్చింది. గ్రీజు వదలడానికి మెకానిక్కులు వాడే సబ్బు అది, ఇసుక కలిపినట్టు గరగరలాడుతుంది. ఆ వాసన తగలగానే నాకు ఒళ్ళు మండిపోయింది. సబ్బు మీద కాదు, నా మీద. మిస్ రూత్ చేతులకి ఎప్పుడూ అదే వాసన ఉండేది. నిరుడు చలికాలంలో ఆవిడ పోయారు. ఆ కబురు మా అమ్మాయి మేఘనకి ఫోన్‌లో చెబితే, "ఓ, నన్ను వద్దు అన్న టీచర్ కదా?" అంది. పొయ్యి మీద పప్పు మాడుతోందని చెప్పి ఫోన్ పెట్టేశాను. పొయ్యి మీద ఏమీ లేదు.

మీలో ఎవరూ ఆవిడని చూసి ఉండరు. అరవైకి దగ్గర పడ్డ మనిషి, పొడుగు, మగవాళ్ళ పని చొక్కా, బూటు లేసుకి కట్టి మెడలో వేలాడేసుకున్న కళ్ళజోడు. ఇక్కడ అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా అమ్మాయి చదివిన హైస్కూల్లో, పదో క్లాసుకీ పదకొండుకీ మధ్య ఒక ఏడాది ఉండేది. ఇష్టమున్న పిల్లలే చేరేవారు. పరీక్షలు లేవు, ర్యాంకులు లేవు. టైరు మార్చడం, పదిమందికి వండటం, డాక్టరు ఆఫీసుకి తామే ఫోన్ చేసి అపాయింట్‌మెంట్ తీసుకోవడం, అద్దె కాగితాలు చదవడం, వృద్ధాశ్రమంలో వారానికి రెండు రోజులు పని చేయడం, ఎవరైనా కాదంటే తట్టుకోవడం, తప్పు చేస్తే వెళ్ళి ఒప్పుకోవడం. ఇవన్నీ మిస్ రూత్ నేర్పేవారు. మన తెలుగువాళ్ళు దానికి పదిన్నర క్లాసు అని పేరు పెట్టారు. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లలో ఆ పేరు చెప్పుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం. నేను అందరికన్నా గట్టిగా నవ్వేదాన్ని.

స్కూలువాళ్ళు తల్లిదండ్రుల్ని పిలిచిన సాయంత్రం నేను లేచి నిలబడి, ఈ ఏడాది కాలేజీ అడ్మిషన్‌కి ఎలా పనికొస్తుందని అడిగాను. మిస్ రూత్ కళ్ళజోడు పెట్టుకుని నన్ను చూశారు. "ఈ ప్రశ్న మీదా, మీ అమ్మాయిదా?" అన్నారు. "మా ఇద్దరిదీ" అన్నాను. ఆవిడ మేఘన వైపు తిరిగి, "నీకేమైనా అడగాలని ఉందా?" అన్నారు. మేఘన గోళ్ళు చూసుకుంటూ, "పదిమందికి వండిన తర్వాత అది బాగోకపోతే ఏం చేస్తారు?" అని అడిగింది. "తింటాం" అన్నారు మిస్ రూత్. మేఘన ఫక్కున నవ్వింది. ఆ నవ్వు నేను విని ఎన్నో నెలలయింది. కారెక్కగానే, "అమ్మా, ఐ వాంట్ టు డూ దిస్. అప్లికేషన్ లెటర్ నేనే రాస్తా. నువ్వు చూడద్దు" అంది.

నువ్వు చూడద్దు అని ఎందుకందో చెప్పాలి. ఆరో క్లాసు నుంచీ దాని మెయిళ్ళన్నీ నేనే రాసేదాన్ని. హోంవర్క్ ఆలస్యమైతే సంజాయిషీ, మార్కు తగ్గితే మర్యాదగా ఒక విన్నపం, సంవత్సరం చివర థాంక్స్, అన్నీ దాని అకౌంట్‌లోంచి, దాని పేరుతో. నాకు తెలిసిన తల్లుల్లో సగం మంది ఇదే పని చేసేవారు, పాస్‌వర్డులు మా దగ్గరే ఉండేవి. నాకు అప్పుడు ఉద్యోగం చేసే వీలు లేదు, డిపెండెంట్ వీసా. చదువుకున్న చదువంతా అటకెక్కింది. చేతిలో పని లేకపోతే మనిషి దొరికిన దాన్ని పట్టుకుని పీల్చేస్తుంది. నాకు దొరికింది నా కూతురు.

తన ఉత్తరం తనే రాసుకుంది, సీటు వచ్చింది. ఇంట్లో మాత్రం మా ఆయన శేఖర్ మొహం మాడ్చుకున్నాడు. "ఏడాది ఆగిందంటే ఇండియాలో ఏం చెప్తాం? ఫెయిలైందనుకుంటారు. దాని ఫ్రెండ్స్ అందరూ ముందుకెళ్ళిపోతే ఇది ఇక్కడ టైర్లు విప్పుతూ కూర్చుంటదా?" అన్నాడు. సీటొస్తే చేరనిస్తానని నేను దానికి మాట ఇచ్చానన్నాను. "అయితే నువ్వే ఏదో ఒకటి చెయ్. నన్ను మాత్రం విలన్ చెయ్యకు" అని లాప్‌టాప్ తెరిచాడు. చెడ్డపేరు రాకుండా పని జరిగిపోవాలి ఆయనకి. ఆయన మీద కోపం ఇంకా చల్లారలేదు. కానీ ఆ పని చేసింది ఆయన కాదు.

మంగళవారం పదకొండు గంటలకి మేఘన మెయిల్ తెరిచాను. బాగా ఆలోచించాననీ, ఈ సమయంలో ఈ ఏడాది నాకు సరిపోదనీ, నా సీటు ఇంకొకరికి ఇవ్వమనీ రాసి మిస్ రూత్‌కి పంపేశాను. తర్వాత పంపిన మెయిల్ కూడా చెరిపేశాను.

ఒంటిగంటన్నరకి బెల్ మోగింది. తలుపు తీస్తే మిస్ రూత్. లోపలికి రమ్మంటే రాలేదు. "మీ అమ్మాయి మెయిల్ పదకొండింటికి వచ్చింది. కొత్తగా చేరే పిల్లలకి ఇవాళ నా క్లాసు చూపించాను. పదకొండింటికి మీ అమ్మాయి నా ఎదురుగా నిలబడి ఉల్లిపాయలు తరుగుతోంది. దాని ఫోన్ నా బుట్టలో ఉంది" అన్నారు. తప్పించుకునే దారి లేదు. అయినా తల వంచలేదు. "ఇది మా ఇంటి విషయం. మా పిల్లల్ని మేం ఇలాగే పెంచుతాం. మీకు అర్థం కాదు" అన్నాను. తప్పు చేసి దొరికిపోయినప్పుడు మన సంస్కృతిని అడ్డం పెట్టుకోవడం ఎంత తేలికో ఆ రోజు తెలిసింది.

ఆవిడ అరవలేదు. "కావచ్చు. శుక్రవారం దాకా ఈ మెయిల్ నేను చూడనట్టే ఉంటాను. ఈలోగా దానికి మీరు చెప్పండి. ఆ తర్వాత కావాలన్నా వద్దన్నా, అదే వచ్చి తన నోటితో నాకు చెప్పాలి" అని వెళ్ళిపోయారు. నారింజ వాసన గుమ్మం దగ్గర కాసేపు నిలిచింది.

బుధవారం చెబుదామనుకుంటే మేఘన తలనొప్పని పడుకుంది. గురువారం శేఖర్ ఇంట్లోనే ఉన్నాడు. శుక్రవారం పొద్దున కారులో నోరు తెరిచాను, "లంచ్ బాక్స్ తీసుకున్నావా?" అన్న మాట బయటికొచ్చింది. సాయంత్రం ఇంటికి రాగానే, సీట్లు తగ్గించారట, నీకు లేదన్నారట అని చెప్పాను. అది నమ్మలేకపోయింది. "బట్ షీ సెడ్ ఐ వాజ్ ఇన్. నేను వెళ్ళి అడగనా?" అంది. "వద్దు, అడుక్కున్నట్టుంటుంది" అన్నాను. అడగలేదు. పదహారేళ్ళలో నేను పక్కన లేకుండా ఎవర్నీ ఏమీ అడిగి ఎరగదు. వెళ్ళి అడగడం నేర్పేదే ఆ ఏడాది.

పదకొండు, పన్నెండు అయ్యాయి, మంచి కాలేజీ వచ్చింది. పదిన్నరలో పడకుండా కాపాడుకున్నావని స్నేహితులు నన్ను మెచ్చుకున్నారు. ఇప్పుడు దానికి ఇరవై నాలుగేళ్ళు, షాంటిలీ అనే ఊళ్ళో ఉద్యోగం. పంటి డాక్టరుకి ఫోన్ చేయమని నాకు మెసేజ్ పెడుతుంది. టీమ్‌లో పై పోస్టు ఖాళీ అయితే మేనేజర్‌ని అడగమన్నాను. "వద్దంటే? బాగా తెలిసి కూడా మిస్ రూత్ వద్దు అంది కదా" అంది. తనని నేరుగా చూసి ఇష్టపడ్డ మొదటి పెద్దమనిషే తనని తోసేసిందని ఎనిమిదేళ్ళుగా నమ్ముతోంది నా కూతురు. ఆ నమ్మకం నేను పెట్టిన చిచ్చు.

మేఘన కాలేజీకి వెళ్ళాక నాకు వర్క్ పర్మిట్ వచ్చింది. అదే స్కూల్లో, హాజరు చూసే గుమాస్తాగా చేరాను. అప్లికేషన్ నేనే రాసుకున్నాను, ముప్పైతొమ్మిదేళ్ళకి మొదటిసారి. మిస్ రూత్ రోజూ నా బల్ల ముందు నుంచే వెళ్ళేవారు. గుడ్ మార్నింగ్ అనేవారు, పాత సంగతి ఒక్కసారీ ఎత్తలేదు. మొదటి వారంలో ఒక తండ్రి ఆలస్యానికి సంజాయిషీ చెప్పడానికి ఫోన్ చేసి, గొంతు సన్నం చేసి, తన కొడుకులా మాట్లాడబోయాడు. నాకు క్షణంలో తెలిసిపోయింది, దొంగని దొంగే పట్టినట్టు. అటుగా వెళ్తున్న మిస్ రూత్ ఆగి, "పిల్లాణ్ణే మాట్లాడమనండి" అన్నారు. అప్పటినుంచి ఆ మాట ఎన్ని వందలసార్లు అన్నానో. అన్న ప్రతిసారీ నా చెంప నేనే వాయించుకున్నట్టుండేది.

పిల్లలు చేరక ఆ పదిన్నర క్లాసుని ఎత్తేశారు. ఆవిడ రిటైరయ్యారు. చివరి రోజు ఆవిడ పెట్టెలు కారు దాకా మోసుకెళ్ళి, అక్కడ చెప్పేశాను, మేఘనకి ఏం చెప్పానో అంతా. ఆవిడ చేతిలోని పెట్టె బానెట్ మీద పెట్టారు. "ఆ తర్వాతి సోమవారం కారిడార్‌లో ఆపి, నాకేమైనా చెప్పాలా అని దాన్ని అడిగాను. తలెత్తకుండా 'నో, మ్యామ్' అంది. మీరు చెప్పారనీ, అదే వద్దనుకుందనీ అనుకున్నాను" అన్నారు. ఆవిడ మొహం ఎర్రగా కందిపోయింది. క్షమించమన్నాను.

"నాకెందుకు చెబుతున్నారు?" అన్నారు. ఆ గొంతు అంత కఠినంగా ఎప్పుడూ వినలేదు. "నేను క్షమించానంటే మీరు హాయిగా ఇంటికెళ్ళిపోతారు. ఆ సాయం నేను చెయ్యను." పెట్టె తీసి వెనక సీట్లో పెట్టుకుని వెళ్ళిపోయారు. అదే ఆఖరు చూపు.

ఆవిడ మీద నాకు చాలాకాలం కోపం. ఒక్క మంచిమాట అంటే ఏం పోయేది? ఆ మంగళవారమే నేరుగా పిల్లని పిలిచి చెప్పేసి ఉంటే ఇంత దూరం వచ్చేదా? ఇప్పుడు కూడా అప్పుడప్పుడు ఆవిడతో వాదిస్తుంటాను. కానీ ఆవిడ నా చేతుల్లో పెట్టి వెళ్ళిన పని నాదే. ఆ ఏడాది చదవాల్సింది మేఘన ఒక్కతే కాదు, నేను కూడా.

ఇంతా రాసి ఒక విషయం గమనించాను. మేఘనకి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఆ ధైర్యంతోనే ఇన్ని పేజీలు తెలుగులో రాశాను. దాని సంగతి దానికి తెలియకుండా పదిమందికీ రాయడం, అంటే మళ్ళీ ఆ మంగళవారం పనే. ఈ వారాంతం అది ఇంటికి వస్తోంది. ఈ కాగితాలు ప్రింటు తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టాను. ఎదురుగా కూర్చోబెట్టుకుని మొదటి మాట నుంచి చదివి వినిపిస్తాను. ఆ తర్వాత నాతో ఏమనాలో మాత్రం దానికి నేను రాసివ్వను.