మిషనుకు వేసిన సాంబ్రాణి

అంజమ్మత్తకు నా బట్టీ అంటే ఒళ్లుమంట. నరసరావుపేటలో మా బజారులో నాది రస్కుల బట్టీ, కట్టెలతో కాలుస్తాను. గోడ అవతల ఆమె డాబా. దండెం మీది చీరకు నల్లటి నలుసు అంటితే చాలు, "ఒరేయ్ మౌలాలీ, బట్టీ ముయ్యరా" అని పిట్టగోడ మీంచి కేకేసేది. ఇరవై ఏళ్లుగా పడుతున్నాను. ఆమె నోరు మంచిది కాదు. నాదీ అంతంతమాత్రమే.

పోయిన చలికాలం బజారంతా నా బట్టీ మీద మున్సిపాలిటీకి అర్జీ పెట్టింది. మొదటి సంతకం అంజమ్మత్తదే. మసి నా బట్టీదని తేలితే మూసేయాలన్నారు. మా ఇంట్లో ఐదుగురికీ ఆ బట్టీయే కూడు. సంగతి తేల్చడానికి కాలేజీ నుంచి నీలిమ మేడం వచ్చి, అంజమ్మత్త డాబా మీద గాలి పీల్చే మిషను పెట్టింది. అందులోని తెల్ల కాగితం రోజంతా దుమ్మును పట్టుకుంటుంది. ఆ దుమ్ములో ఏమేం ఉన్నాయో ల్యాబులో చూస్తే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుందట. రోడ్డు మట్టిదొక రకం, డీజిలు పొగది ఇంకో రకం. కట్టెలు కాలితే పొటాషియం ఎక్కువ.

నెల తిరిగాక మేడం అందరినీ డాబా మీదికి పిలిచింది. "పొటాషియం చాలా ఎక్కువ వచ్చింది. కట్టె పొగే అనుకోవాలి" అంది. అందరూ నా వైపు తిరిగారు.

అంజమ్మత్త మెట్లు దిగింది. ధూపం వేసే మట్టిమూకుడుతో తిరిగొచ్చి, దాన్ని మిషను పక్కన పెట్టింది.

"దీన్ని కూడా లెక్కలో ఏసుకో తల్లీ. రోజూ పొద్దుగూకంగానే కొబ్బరిపీచు కాల్చి ఈ మిషనుకు సాంబ్రాణి ఏశాను. ఇంటికొచ్చిన మిషను గదా, ధూపం లేకుండా ఎట్టా ఉంచేది?"

మేడం తల పట్టుకుంది. కొబ్బరిపీచు పొగలోనూ పొటాషియమే ఉంటుందట. జనం నవ్వారు. నేను నవ్వలేదు. గురువారం గురువారం రస్కులు తూచే నా కాటాకు నేనూ లోబాన్ ధూపం వేస్తాను. ఆమె నోరు మూసుకుని ఉంటే ఇరవై ఏళ్ల పంతం ఆ పూటే నెగ్గేది.

ఆ కాగితాలు పక్కన పడేసి మళ్లీ నెలపాటు కొత్తవి పెట్టారు. ఈసారి అంజమ్మత్త ఆ డాబా మీద అగరొత్తి కూడా వెలిగించనివ్వలేదు. చివరికి తేలింది: ఎక్కువ భాగం రోడ్డు దుమ్ము, రాళ్ల లారీల పొగ. బట్టీ వంతు కొంచెమే. కొంచెమైనా నాదే కాబట్టి పొగగొట్టం ఎత్తు పెంచాను. లారీలను ఊరి బయటినుంచి మళ్లించమని కొత్త అర్జీ రాశాం. మొదటి సంతకం ఆమెదే, రెండోది నాది.

మొన్న మనసు ఉండబట్టలేక అన్నాను. "అత్తా, ఆ రోజు నువ్వు పలక్కపోతే మా పొయ్యిలో పిల్లి లేచేది కాదు. చచ్చినా నీ మేలు మర్చిపోను."

"ఏంది నీ గోల? నా పొగ నీ నెత్తిన ఎట్టా రుద్దేదిరా?" అంటూ దండెం మీది చీర దులిపి చూసుకుంది. "ఇదిగో మచ్చ. ఇది మాత్రం నీదే."

చూశాను. రోడ్డు దుమ్ములాగే ఉంది.

"నాదేలే అత్తా" అన్నాను.