పుట్టుకతో అని పెట్టిన టిక్కు

ఆ టిక్కు కొట్టేసి పక్క గడిలో ఇంకొకటి పెట్టడానికి అర నిమిషం పట్టేది. ఎందుకు పెట్టలేదు? రిటైరై ఇరవై ఏళ్లయినా నాకు జవాబు దొరకలేదు.

మా ఆసుపత్రిలో పాదాలు వంకరపోయిన పిల్లలకు బూట్లు కుట్టే మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. చెక్క పాదం అచ్చును రొమ్ముకు ఆనించుకుని, దాని మీదికి తోలు బిగలాగి కుట్టేవాడు. ముప్పై ఏళ్లు ఒత్తగా ఒత్తగా రొమ్ము ఎముక లోపలికి పోయి, నిమ్మకాయ పట్టేంత గుంట పడింది.

"ఇది నా లోపలి జేబు తమ్ముడూ, దొంగల భయం లేదు," అనేవాడు నాతో.

డాక్టరమ్మ తల్లులకు చెప్పే మాట ఆయనకు కంఠతా వచ్చు. తయారవడంలోనే తేడా వస్తే అదొక రకం. బాగా తయారైనది ఒత్తిడికి వంగితే అది వేరు. "మంచి పాదమేనమ్మా, నీ కడుపులో చోటు చాలక మడత పడిందంతే," అని తనూ ఓదార్చేవాడు.

ఒక ఏడు పనివాళ్లందరికీ వైద్య పరీక్షలు జరిగాయి. మేస్త్రీకి ఆ రొమ్ము గుంట వల్ల ఆయాసం ఉందని తేలింది. కాగితాలు నింపడం నా పని. లోపం పుట్టుకతోనా, పని వల్లనా అని రెండు గడులు. పని వల్లనైతే తేలిక పనికి మారుస్తారు, పుట్టుకతోనైతే ఇంటికి పంపేస్తారు. పని వల్ల అని పెట్టాలంటే ఆయన చేరిననాటి ఫైలు జతచేయాలి. అది పై అరలో, దుమ్ములో ఉంది. భోజనాల వేళైంది. మొదటి గడిలో టిక్కు పెట్టి లేచాను. కాగితం మరో రెండు రోజులు నా సొరుగులోనే ఉంది. 'శరీరంలో లోపమేమీ లేదు' అని ఆ ఫైల్లో రాసిందీ నేనే.

ఉత్తర్వు అందుకున్న రోజు ఆయన నా బల్ల దగ్గరికి వచ్చాడు. గొంతు పెంచలేదు.

"మా అమ్మ నన్ను తిన్నగానే కన్నదండీ."

అన్నేళ్లూ తమ్ముడూ అన్న నోటితో 'అండీ' అన్నాడు. పైవాళ్లకు అర్జీ పెట్టుకుందామని ఏదో గొణిగాను. నా మాట నాకే రోతగా వినిపించింది.

సంచిలోంచి కాగితంలో చుట్టిన నా బూట్లు తీసి బల్ల మీద పెట్టాడు. బాగుచేయమని వారం కిందట నేనిచ్చినవే. నేనెప్పుడూ ఒక పక్కకే అరగదొక్కే మడమను సమంగా చెక్కి కొత్త తోలు వేశాడు. తలెత్తేసరికి గుమ్మం దాటుతున్నాడు.

రోజూ వెళ్లొస్తా అనేవాడు. ఆ రోజు అనలేదు.