ఏమీ వేయని ట్రే

మా బావకు ఒకటే జబ్బు. ఎవరు ఏం చెప్పినా, "మరి కంట్రోల్ ఏది?" అంటాడు.

ఆయన విత్తన పరీక్షా కేంద్రంలో శాస్త్రవేత్త. అక్కడ ఏదైనా కొత్త మందును విత్తనాల మీద పరీక్షించాలంటే రెండు ట్రేలు పెడతారు. ఒకదానికి మందు వేస్తారు. రెండోదాంట్లో అవే విత్తనాలు, అదే నీళ్ళు, అదే వెలుతురు, మందు మాత్రం ఉండదు. ఆ ఏమీ వేయని ట్రే పేరు కంట్రోల్. "మందు వేసిన ట్రేలో మొలకలొచ్చాయని గంతులేయకూడదురా. వేయనిదాంట్లోనూ వచ్చాయేమో చూడాలి" అన్నది మా బావకు పదకొండో ఆజ్ఞ. దాన్ని ఆయన ల్యాబులోనే వదిలేసి వస్తే ఈ కథే లేదు.

కొత్త రకం పాలిష్ కొన్నాడు. కుడి బూటుకే పూశాడు. ఎడమది కంట్రోల్. నెల రోజులుగా ఆదివారం ఆరాధనకు అలాగే వస్తున్నాడు. ఒక కాలు పెళ్ళికీ ఒక కాలు పొలానికీ బయల్దేరినట్టుంటుంది. మా అక్క కొత్త టీపొడి తెస్తే రెండు కప్పులు పెట్టాలి, ఒకటి పాత పొడితో.

"ఆ రెండో కప్పు కడిగేదెవరు?" అంటుంది అక్క. "నన్ను కడగమంటారు. కడగని పెళ్ళాన్ని కూడా ఒకదాన్ని తెచ్చుకోండి, పోల్చి చూసుకోవచ్చు!"

ఒకసారి పక్కింటావిడ, "పెళ్ళయ్యాక మీ ఆరోగ్యం బాగుపడిందండీ" అని పాపం మంచిగానే అంది. బావ ఆలోచనలో పడ్డాడు. "చేసుకోకపోయినా బాగుపడేదేమో? ఎలా తెలుస్తుంది?"

అక్క నా వైపు గరిటె చూపించింది. "మా తమ్ముడున్నాడుగా! నలభై ఏళ్ళొచ్చినా చేసుకోలేదు. వాడే మీ కంట్రోల్."

ఆ రోజు నుంచి నా బతుకు ట్రే అయిపోయింది. కనబడగానే బరువు అడుగుతాడు, తల వంచి నడినెత్తి చూస్తాడు. "నీకూ ఊడుతోందిరా! అయితే నా బట్టతలలో మీ అక్క తప్పేం లేదు" అని తెగ సంతోషిస్తాడు. చర్చిలో అందరూ ఆయన్ని కంట్రోలయ్య అంటారు. నన్ను కంట్రోలయ్యగారి కంట్రోల్ అంటారు.

ఇంకొకటి చెప్పాలి. ఆయన కూర్చోడు. కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటాడు. ల్యాబులో ట్రేల మధ్య, ఇంట్లో వంటగదికీ వరండాకీ మధ్య, చర్చిలో వెనక వరస బెంచీల వెనక. ప్రసంగం ఎంతసేపయిందో తెలుసుకోవడానికి మా పాస్టర్ గారు గడియారం చూడరు. "మీ బావ నలభై తిరుగుళ్ళు తిరిగాడంటే ముగించమని అర్థం" అని నాతో ఒకసారి అన్నారు.

శాస్త్రవేత్తవై ఉండి దేవుణ్ణెలా నమ్ముతావని ఎవరైనా అడిగితే మాత్రం ఒక్క నిమిషం ఆగుతాడు. "ఇరవై ఏళ్ళుగా ల్యాబులో ఉన్నాను. అందులో పదిహేనేళ్ళు తప్పులే. తప్పు చేసినవాణ్ణి మళ్ళీ మొదలుపెట్టనిచ్చేవాడు ఒకడున్నాడని అనుకోకపోతే ఈపాటికి ఎటో పారిపోయేవాణ్ణి" అంటాడు. అని వెంటనే, "అది నిజమా, లేక నాకలా అనిపిస్తోందా?" అని తనను తానే ప్రశ్నించుకుని మళ్ళీ నడక మొదలుపెడతాడు. ఆయన నమ్మకానికి కూడా కాళ్ళే ఉన్నాయి గాని కుర్చీ లేదు.

ఇలా ఉండగా ఒక ఆదివారం పాస్టర్ గారు ప్రసంగంలో, "మనమంతా ప్రార్థించాం, ఆ సోదరి కాలు బాగైంది" అన్నారు.

వెనక నుంచి గొంతు వినబడింది. "ప్రార్థించనివాళ్ళ కాళ్ళు?"

చర్చి మొత్తం వెనక్కి తిరిగింది. గాయక బృందంలో ముందు నిలబడ్డ నేను పాటల పుస్తకంలో మొహం దాచుకున్నాను. పాస్టర్ గారు మంచివారు. కోప్పడలేదు. ఆరాధన అయ్యాక ఒక కాగితం తెచ్చి బావ చేతిలో పెట్టారు. "సోదరా, ఈ నెల ప్రార్థన మనవులు పది. మీరే రోజూ ప్రార్థించండి. ఏం జరుగుతుందో మీరే రాయండి."

బావ కళ్ళు మెరిశాయి. అప్పుడే నాకు అనుమానం రావలసింది. ఎందుకంటే ఆ కాగితంలో ఏడోది నా మనవి.

నా మెడ మీద ఉసిరికాయంత గడ్డ లేచింది. డాక్టరు దాంట్లోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. రిపోర్టు పన్నెండు రోజులకు వస్తుందన్నారు. చెడ్డదైతే పెద్ద ఆపరేషన్ అట, గొంతు మిగులుతుందన్న హామీ లేదట. నేను బళ్ళో సంగీతం మాస్టార్ని, చర్చిలో పాట ఎత్తుకునేది నేనే. పాట తప్ప నాకు ఇంకో విద్య రాదు. ఆ పన్నెండు రోజులూ నాకూ కూర్చోవడం చేతకాలేదు. మా ఇద్దరి నడకా ఒకే వేగంలో సాగడం అదే మొదలు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం, రిపోర్టు నాడు తోడు రమ్మని అడగడానికి ల్యాబుకు వెళ్ళాను. బావ లోపల చల్లగదిలో ఉన్నాడు. బల్ల మీద, తడి కాగితం పరిచిన ట్రేల పక్కన, ఆయన నోట్‌బుక్ తెరిచి ఉంది. పది మనవులూ వరసగా రాసి ఉన్నాయి. ఏడో దాని దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి.

"7. బావమరిది. గొంతు. చీటీలో వచ్చింది. కంట్రోల్. ప్రార్థన చేయరాదు."

'చేయరాదు' కింద రెండు గీతలు.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటే ఇదే. ఒళ్ళు మండిపోయింది. ఆ పుస్తకం చంకలో పెట్టుకుని నేరుగా అక్క ఇంటికి వెళ్ళాను.

"అక్కా! మీ ఆయన నన్ను ఏమీ వేయని ట్రేలో పడేశాడు!"

అక్క కూరగాయలు తరుగుతోంది. "ఏం ట్రేరా?"

"తొమ్మిదిమందికి ప్రార్థన చేస్తాడట. నాకు మాత్రం చేయడట. చెయ్యకపోతే నేనేమవుతానో చూస్తాడట!"

అక్క మొహం ఎర్రబడింది. కత్తి పక్కన పెట్టబోయి, ఎందుకో మళ్ళీ పట్టుకుంది. అప్పుడే గుమ్మంలో బావ వగరుస్తూ కనబడ్డాడు. నా వెనకే పరుగెత్తుకొచ్చినట్టున్నాడు. కొంచెం కుంటుతున్నాడు.

"పుస్తకం ఇవ్వరా. ఈ రోజుది ఇంకా రాయలేదు."

"రాసుకో! ఏమీ వేయని ట్రేలో మొక్క వాడిపోయిందని రాసుకో!"

"నీ నోట అలాంటి మాట రానివ్వకురా" అంది అక్క. అని మొగుడి వైపు తిరిగింది. "ఏవండీ, నా తమ్ముడు మీకు విత్తనమా?"

బావ వంటగదిలో అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాడు. "పేజీ తిప్పరా" అన్నాడు.

తిప్పి, కోపంతో పైకే చదవడం మొదలుపెట్టాను.

"మొదటి రోజు. తొమ్మిదిమందికి ప్రార్థించాను. ఏడో నంబరు దగ్గర నోరు మూసుకున్నాను. కష్టమైంది.

రెండో రోజు. ఏడో నంబరు వదిలాను. అన్నం సహించలేదు.

మూడో రోజు. బస్సులో ఉండగా నా ప్రమేయం లేకుండా ఏడో నంబరుకు ప్రార్థన జరిగిపోయింది. లెక్కలోకి రాదు.

నాలుగో రోజు. లెక్కలోకి రానివి పదకొండు సార్లు.

ఐదో రోజు. మిగతా తొమ్మిదిమందినీ మరిచిపోయాను. ప్రయోగం చెడింది. తప్పు విత్తనానిది కాదు, నాది."

నా గొంతు తగ్గిపోయింది. మిగతాది అక్క లాక్కుని చదివింది.

"ఆరో రోజు. కొత్త కంట్రోల్ కావాలి. జాబితాలో ఎవరినీ వదలబుద్ధి కావడం లేదు. నా కుడి మోకాలు మూడు నెలలుగా నొప్పి. ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఎవరూ ప్రార్థించలేదు. నన్నే పెట్టుకుంటున్నాను. గమనిక: మా ఆవిడకు తెలియకూడదు. తెలిస్తే ప్రార్థిస్తుంది."

"మూడు నెలలా!" అని కేక పెట్టింది అక్క. "ఆ మోకాలితోనా రోజంతా తిరుగుతున్నారు? కాసేపు కూర్చోవచ్చుగా?"

"కూర్చుంటే మళ్ళీ లేవలేనే."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అసలు నా పేరు ఎందుకు పెట్టావు బావా? తీసి ఇంకొకరిది పెట్టొచ్చుగా?"

"పది పేర్లతో చీటీలు వేస్తే నీదే వచ్చిందిరా. మనకు ఇష్టమైనవాణ్ణి తప్పించేస్తే అది దొంగ ప్రయోగం." మళ్ళీ నాలుగడుగులు వేశాడు. "దేవుడు వింటున్నాడా లేదా అన్నది ఈ పుస్తకంలో తేలదురా. ఒకటి మాత్రం తేలింది. నిన్ను ప్రార్థనలోంచి తీసేసి నేను ఉండలేను. మళ్ళీ మళ్ళీ చూశాను. అదే వచ్చింది."

అక్క కళ్ళు తుడుచుకుని, ఉల్లిపాయల మీద పెట్టింది నింద. ఆ రోజు తరిగింది బెండకాయలు.

పన్నెండో రోజు ముగ్గురం ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరు కవరు చింపి, చదివి, నవ్వింది. "భయపడాల్సింది కాదండీ. చిన్న కోతతో తీసేద్దాం. గొంతుకు ఏం కాదు."

నేను అక్క చెయ్యి పట్టుకున్నాను. బావ మాత్రం బల్ల మీదికి వంగాడు. "మేడమ్, ఆరోగ్యంగా ఉన్న ముక్కతో పోల్చారా? కంట్రోల్ ఏది?"

"పక్కనే పెట్టి చూశారండీ."

"ఒక్కసారేనా?"

"ఇద్దరు డాక్టర్లు, విడివిడిగా."

అప్పుడు బావ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అక్క పెళ్ళయిన ఈ పద్దెనిమిదేళ్ళలో ఆయన తనంతట తాను కూర్చోవడం చూసింది ఆ రోజే. చాలాసేపు కూర్చున్నాడు. లేపడానికి నేనూ డాక్టరూ చెరో చెయ్యీ పట్టాల్సి వచ్చింది.

బయటికొచ్చాక మా ఇద్దరి దగ్గరా మాట తీసుకున్నాడు. "మోకాలికి డాక్టరు కట్టు వేస్తే వేయించుకుంటాను. మీరు మాత్రం ఆరు వారాలు నా మోకాలికి ప్రార్థించకూడదు." అక్క మాట ఇచ్చింది. నేనూ ఇచ్చాను.

మూడో వారం పాటల సాధనకు వచ్చాడు. చర్చి మెట్లు రెండేసి చొప్పున ఎక్కి, అనుమానంగా నా ముందు నిలబడ్డాడు.

"ఏరా, మోకాలు తగ్గుతోంది."

"సంతోషం బావా!"

"ఏం సంతోషం? కట్టు వేసినవాళ్ళకు ఇంత తొందరగా తగ్గదట, డాక్టరునడిగాను. ఎవరో మాట తప్పుతున్నారు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, నేను మెడ మీది కుట్లు తడుముకున్నాను. "అక్కనడుగు."

"అడిగాను. నిన్నడగమంది."

వేదిక దగ్గర పాటల పుస్తకాలు సర్దుతున్న పాస్టర్ గారు తలెత్తకుండానే అన్నారు. "ఆ కుడి మోకాలి సంగతి నాకేం తెలియదు సోదరా."

ఆయన్ని ఎవరూ అడగలేదు. కుడిదో ఎడమదో ఎవరూ చెప్పలేదు కూడా.

బావ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, జేబులోంచి పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. భుజం మీంచి తొంగి చూశాను. "కంట్రోల్ మళ్ళీ చెడింది. ఈ మనుషులతో ప్రయోగం చేయడం కష్టం" అని ఉంది. రాసి, తల కిందికి దించి, అక్కడే ఆగిపోయాడు.

"ఇదెవరి పనిరా?" అన్నాడు.

ఎడమ బూటు కూడా తళతళలాడుతోంది. అది నేను కాదు, పాస్టర్ గారూ కాదు. అక్కే పూసి ఉంటుంది.