కళ్ళు గీసే మనిషి

బోధన్‌లో బస్సెక్కి, నల్లగుడ్డ చుట్టిన కెమెరా పెట్టె ఒళ్ళో పెట్టుకుని ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. చెరుకు బండ్లు అడ్డమొచ్చి బస్సు ఆగినప్పుడల్లా ఆయన పళ్ళు కొరుకుతున్నాడు. ఎక్కడికి వెళ్ళొస్తున్నారని అడిగాను.

"ఒక సావింటికి," అన్నాడు. "బతికున్నప్పుడు ఫోటో దిగితె ఆయుష్షు తగ్గుతదంటరు. సచ్చినంక గోడకు కూసోబెట్టి తియ్యమంటరు. ఫోటోల మూసిన కండ్ల మీద నేను పెన్సిలుతోని తెరిసిన కండ్లు గియ్యాలె. గిదేం పని?"

ఎలా గీస్తారన్నాను.

"గదే నా మంట! మీ అవ్వ కండ్లు ఎట్లుండెనని కొడుకును అడిగిన. నలభై ఏండ్లు ఆ కన్నతల్లి వండింది తిన్నడు. 'అందరి లెక్కనే ఉండె, నువ్వే గియ్యి' అన్నడు." కిటికీలోంచి ఉమ్మి, నా వైపు తిరిగాడు. "నువ్వు సెప్పు. మీ అవ్వ కండ్లు ఎట్లుంటయి?"

నాకు ఒళ్ళు మండింది. నీకెందుకన్నాను. నిజామాబాద్‌లో బస్సు దిగాను.

ఇంటికి చేరి, చెప్పులు విడిచీ విడవకుండానే పొయ్యి దగ్గరున్న అవ్వ ఎదుట కూర్చున్నాను. ఎడమ కంట్లో తెల్లటి పొర ఉంది. ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు.

"ఎన్నడు సూడనట్టు ఏందిరా గట్ల సూస్తవు?" అని అవ్వ కసిరింది.