ఇది ఏసీ కాదు రాజన్నా

గల్ఫ్ యుద్ధం రోజుల్లో సౌదీలోని ధహ్రాన్‌లో మోగిన సైరన్ల గురించి పాతకాపులు ఇప్పటికీ కథలు చెబుతారు. ఆ తర్వాత పదేళ్లకు అదే ఊళ్లో, ఏ సైరనూ మోగకుండా, నేనొక్కణ్ణే చేసిన విధ్వంసం గురించి ఎవరూ చెప్పరు. కనక నేనే చెప్పుకోవాలి.

మా క్వార్టర్ల ఏసీలు చూసే రాజన్నది జగిత్యాల. ఆయన ఇక్కడికి వచ్చేశాక ఊళ్లో పుట్టిన కూతురు లచ్చి. దాన్ని ఇంకా కళ్లతో చూడలేదు. ఆ రోజుల్లో మా ఉత్తరాలన్నీ క్యాసెట్లే. లచ్చి మాటలు కూడా అలాగే ఒక క్యాసెట్లో వచ్చాయి. తిప్పి తిప్పి వినేసరికి టేపు అరిగి పిల్ల గొంతు గరగరలాడసాగింది.

"కంప్యూటర్లో ఎక్కిస్తే వెయ్యేళ్లుంటుంది రాజన్నా!" అన్నాను గొప్పగా. అప్పుడే అందులో లినక్స్ పెట్టాను మరి. ఊరికే వస్తుంది, పైగా దాని గుండెకాయ, అదే కెర్నెల్, మనమే విప్పి బిగించుకోవచ్చు. పిచ్చోడి చేతిలో రాయి నయమని నాకప్పటికి తెలీదు.

శుక్రవారం మధ్యాహ్నం. కంప్యూటర్ మైకు ముందు టేప్‌రికార్డర్ పెట్టి క్యాసెట్ పాడించాం. కంప్యూటర్ స్పీకర్లు కిక్కురుమనలేదు. రికార్డింగు నడుస్తుండగానే రాజన్న అన్నాడు:

"సారూ, యాడన్న బంద్ ఉన్నదేమో సూడుండ్రి. ఏసీ నడ్వకుంటే నేను ముందుగాల స్విచ్చే సూస్త."

"ఇది ఏసీ కాదు రాజన్నా!" అని కసిరాను.

ఏమీ ఎక్కలేదు, తప్పంతా కెర్నెల్‌దే అనుకుని మూడు శుక్రవారాలు దాన్ని విప్పాను, బిగించాను. తెర మీద అక్షరాలు వానలా జారేవి. ఏసీ జోలపాట పాడేది. "మా లచ్చి గిప్పుడు వాకిట్ల ఆడుతుంటది," అనేవాడు రాజన్న కళ్లు మూసుకుని. నేనూ కళ్లు మూసుకునేవాణ్ణి. నా కలలో స్పీకర్లు గలగలా మాట్లాడేవి, జగిత్యాల జనం నాకు దండలేసేవారు.

మూడో వారం ఆ మగతలోనే, మళ్లీ రికార్డు చేద్దామని క్యాసెట్ వెనక్కి తిప్పి మీట నొక్కాను. ఒకటి కాదండోయ్, రెండు మీటలు కలిపి! ఏళ్ల తరబడి ఇంటికి క్యాసెట్లు నింపిన వేళ్లు కదా, అలవాటుగా రికార్డు చేసే ఎర్ర మీటను కూడా అదిమేశాయి. ఇద్దరం కునుకు తీసి లేచేసరికి టేపు అయిపోయింది. వింటే ఏసీ హోరు, మధ్యలో నా గురక. లచ్చి లేదు.

రాజన్న తిట్టలేదు. తిట్టినా బాగుండేది. క్యాసెట్‌ని చేతిలో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఎంతకీ నా మొహం చూడలేక కాబోలు, తెర వైపు చూశాడు.

"గీ పుల్లలన్ని అడుగుకెందుకున్నయి సారూ?"

అవి స్పీకర్ల సౌండ్ పెంచే పుల్లలు. లినక్స్ పెట్టిన రోజు నుంచీ సున్నా మీదే ఉన్నాయి. వాటిని పైకి జరిపి, మొదటి శుక్రవారం రికార్డు చేసిన ఫైలు నొక్కాను.

"నాయినా! నాకు ఎర్రగౌను తేవే!"

మైకు అన్నాళ్లూ బాగానే వింది. రాజన్న ఏడుస్తూ నవ్వాడు, నేనూ ఏడ్చాను. అంతలో పిల్ల మాటల మధ్య "ముందుగాల స్విచ్చే సూస్త" అని వినపడింది. వెనకే, వెయ్యేళ్లు చెక్కుచెదరకుండా, నా గొంతు: "ఇది ఏసీ కాదు రాజన్నా!"

రాజన్న దాన్నే కొత్త క్యాసెట్లోకి ఎక్కించుకుని, ఎర్రగౌనుతో పాటు ఇంటికి తీసుకెళ్లాడు.

కొన్నేళ్లకు జగిత్యాల వెళ్తే, వాళ్లింట్లో ఫ్యాను తిరగడం లేదు. సాయం చేద్దామని స్టూలెక్కబోయాను. లచ్చి పరుగున వచ్చి స్విచ్ వేసి, అచ్చం నాలాగే కసిరింది:

"ఇది ఏసీ కాదు రాజన్నా!"

తిరుగుతున్న ఆ ఫ్యాను సాక్షిగా ప్రమాణం చేశాను. స్విచ్ చూడకుండా ఇక ఏ యంత్రం గుండెకాయా ముట్టుకోను. పరాయివాళ్ల క్యాసెట్ ఉన్న గదిలో చచ్చినా నిద్రపోను.