అన్నయ్య అమ్మిన కారు

పోయిన వారం మా మేనకోడలు రాజోలు నుంచి ఫోన్ చేసింది. అన్నయ్య పోయి ఏడాది కావస్తోంది. జ్ఞాపకార్థ కూడిక పెడుతున్నారట, పాస్టరు గారి వాక్యం అయ్యాక కుటుంబం తరఫున నేను నాలుగు మాటలు చెప్పాలట. "అత్తా, నువ్వయితే బాగా చెప్తావు, టీచరువి కదా. మస్కట్ వెళ్ళేముందు నాన్నగారు తన కారు మీకు ఇచ్చేసేరు కదా, అది చెప్పు. అందరికీ కళ్ళనీళ్ళొస్తాయి," అంది. కళ్ళనీళ్ళ సంగతి ఎలా ఉన్నా, ఆ 'ఇచ్చేసేరు' అన్న మాట దగ్గర నేను వలుస్తున్న చిక్కుడుకాయ చేతిలోనే ఉండిపోయింది. అలాగేనమ్మా అని ఫోన్ పెట్టేశాను. కూడికలో చెప్పాల్సిన మంచిమాటలు నా దగ్గర చాలానే ఉన్నాయి, చెబుతాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడ రాసుకుంటున్నాను.

ఇచ్చెయ్యడం కాదు, అమ్మడం. గుండ్రటి బోనెట్టున్న పాత నల్లకారు అది. డెబ్భైల చివర్నుంచీ అన్నయ్య దాన్ని రాజోలు సెంటర్లో కిరాయికి తిప్పేవాడు. అప్పట్లో మావైపు మామూలు మనుషులు కారెక్కాలంటే పెళ్ళయినా కావాలి, పురుడయినా రావాలి, లేదా కాకినాడ పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాల్సినంత జబ్బయినా చెయ్యాలి. అందుకని అన్నయ్యకి ఊళ్ళో ఉన్న మర్యాద ఇంతా అంతా కాదు. ఉదయం పూట కారు కడుగుతుంటే చూడడానికి నలుగురు నిలబడేవారు. నాన్న పోయాక నన్ను చదివించింది ఆ కారే అనుకోవచ్చు. టీచరు ట్రైనింగుకి వెళ్ళే రోజుల్లో సెలవులకి ఇంటికొస్తుంటే, కిరాయి మనుషుల్ని సర్దుకుని కూర్చోమని చెప్పి మరీ నన్ను ముందు సీట్లో ఎక్కించుకునేవాడు. వాళ్ళు మోకాళ్ళు ముడుచుకుని నావంక గుర్రుగా చూస్తుంటే నాకు మహారాణిలా ఉండేది. అన్నయ్య అంటే నాకు అంత గురి.

మా ఇంటాయన పి.గన్నవరంలో ఒక కొబ్బరికాయల కొట్లో గుమాస్తా. కొట్టు యజమాని కొడుకులు ఎదిగొచ్చాక గుమాస్తాతో పని తగ్గిపోయింది. రేపో మాపో మానేయమంటారని ఆయనకీ తెలుసు. ఆ దిగులుతోనే డ్రైవింగు నేర్చుకున్నారు. సరిగ్గా అప్పుడే అన్నయ్యకి మస్కట్ వీసా మాట వచ్చింది, కారు అమ్మేస్తానన్నాడు. మా ఇంటాయన నెమ్మది మనిషి. చొక్కా గుడ్డ కొనాలన్నా దుకాణం బయటికి తెచ్చి ఎండలో చూసి, పోగు లాగి చూసి, అప్పటికీ "రేపొస్తానండి" అని వచ్చేసే రకం. కారు కూడా ఓసారి ఎవరైనా మేస్త్రీకి చూపిద్దామన్నారు. నాకు చర్రున కోపం వచ్చింది. "మా అన్నయ్య బండికి పరీక్ష పెడతారా? సొంత చెల్లెలికి చెడ్డ బండి అంటగడతాడా?" అన్నాను. ఆయన "నువ్వు చెప్పేక ఇంకేం చూస్తాను," అన్నారు. నా మాట మీద గుమాస్తా పని మానేసి కారు కొన్నారు. అది మంచులు పడే కాలం కాబట్టి, అంబాజీపేటకీ కొత్తపేటకీ చిన్నచిన్న కిరాయిలు కాబట్టి, నాలుగు నెలలు కారు కిక్కురుమనకుండా తిరిగింది.

మే నెలలో ఓ పెళ్ళి కిరాయి దొరికింది. పెళ్ళికూతుర్నీ వాళ్ళ వాళ్ళనీ అమలాపురం చర్చికి చేర్చాలి. పెళ్ళికూతురు నా దగ్గర చదువుకున్న పిల్లే, అందుకని నన్నూ ఎక్కించుకున్నారు. తెల్లచీర నలగకుండా ఆ పిల్ల ఒక్కతే సగం సీటు ఆక్రమించింది, మిగిలిన సగంలో ముగ్గురం ఇరుక్కున్నాం. అంబాజీపేట దాటకముందే బోనెట్టు సందుల్లోంచి బుసబుసమని పొగ. ఆయన కారు పక్కకి తీసి, రేడియేటరు మూతకి గుడ్డ చుట్టి, దగ్గరికి ఎవర్నీ రానివ్వకుండా నిలబడ్డారు. నీళ్ళు కావాలి. కాలవ లేని చోటు వెతికినా కనపడని కోనసీమలో ఆ నెల మరమ్మతులకని కాలవలన్నిటికీ నీళ్ళు కట్టేశారు. రోడ్డు పక్క బోరింగు పాడయింది. పక్కనే పాకలో మాత్రం ఎండుకొబ్బరి కోసం కాయలు కొడుతున్నారు. కొట్టిన కాయల నీళ్ళు బకెట్లనిండా పారబొయ్యడానికి సిద్ధంగా ఉన్నాయి.

ఈలోగా చుట్టూ చేరిన పెద్దలు ఇంజనుకి నాడి చూడ్డం మొదలెట్టారు. బండికి వేడి చేసిందని అందరూ ఒక్కమాట మీద తేల్చేశారు. ఒకాయన మజ్జిగ అన్నాడు. ఇంకొకాయన సబ్జాగింజల దాకా వెళ్ళాడు. పెళ్ళికూతురి తాతగారు బకెట్లవైపు చూపించి, "మనిషికి చలవ చేసేది ఇంజనుకి చెయ్యదేంటండీ? పొయ్యండి, అవతల పాస్టరు గారు కాసుక్కూర్చున్నారు," అన్నారు. మా ఇంటాయన వద్దంటూనే ఉన్నారు. కానీ లోపల పెళ్ళికూతురు ఏడుపు లంకించుకుంది. ఇంజను చల్లారేదాకా ఆపి, గుడ్డలో వడగట్టి మరీ రెండు బకెట్ల కొబ్బరినీళ్ళు పోశారు. కారు నత్తనడకన చర్చికి చేరింది గానీ దారి పొడుగునా అరిసెల పాకం వాసన. ఆ పిల్ల పాస్టరు గారి ముందు దాకా అదే వాసనతో నడిచిందని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. నేనూ నవ్వుతాను.

ఆ వేసవిలో మాత్రం ఇంట్లో ఎవరికీ నవ్వు రాలేదు. ఆ కారు దారిలో పొంగుతుందని కబురు పాకిపోయింది. మాట్లాడుకున్న పెళ్ళిళ్ళవాళ్ళు ఒక్కొక్కరే "వేరే బండి చూసుకున్నామండి" అనేశారు. కొట్లో పని ఎప్పుడో వదిలేశారు, ఇప్పుడు కారూ నిలబడిపోయింది. సంగతి తెలిసి అన్నయ్య వచ్చాడు. వీసా ఇదిగో అదిగో అంటూ ఇంకా ఇక్కడే ఉన్నాడు. బోనెట్టు ఎత్తి చూసి, నడుం మీద చేతులేసుకుని, "కొబ్బరినీళ్ళు పోసేక ఏ ఇంజను బతుకుద్ది బావగారూ? బంగారంలాంటి బండి," అన్నాడు. ఆయన తల దించుకున్నారు. నేను అన్నయ్య పక్కన నిలబడి, అవును మరి, అన్నయ్య ఎంత బాగా చూసుకునేవాడని వంత పాడాను.

అన్నయ్య వెళ్ళాక ఆయన తన పద్ధతిలో మొదలెట్టారు. శుభ్రంగా కడిగించి మంచినీళ్ళు పోశారు. రేడియేటరు మూతకి రబ్బరు అరిగిందని కొత్త మూత వేశారు. ఫ్యాను బెల్టు బిగించారు. వేడెక్కేదాకా నీళ్ళని ఆపి ఉంచే చిన్న బిళ్ళొకటి ఉంటుంది, థర్మోస్టాటు, అది తెరుచుకోవట్లేదేమోనని తీసేశారు. ఒక్కో మార్పూ చెయ్యడం, మా ఊరి అక్విడక్టు వంతెన దాకా తోలుకెళ్ళడం, అక్కడికి చేరేసరికి వేడి చూపించే ముల్లు ఎర్రగీత మీద కూర్చోవడం. ఒక ఆదివారం ఆరాధన నుంచి వచ్చి, కారు కాసేపు నడిపి ఆపి, రేడియేటరు మీద అరచెయ్యి పెట్టి నెమ్మదిగా జరుపుతూ చూశారు. జ్వరం వచ్చిన పిల్లల నుదురు చూసినట్టే ఉంది ఆ చూడ్డం. తరువాత నా చెయ్యి పట్టుకుని అక్కడే పెట్టారు. పైన సెగ. మధ్యలో ఒక అరచేతి మేర, కింద మరికొంత మేర చల్లగా ఉంది. "నీళ్ళు ఇక్కడికి రావట్లేదు. లోపల గొట్టాలకి ఏదో అడ్డం పడింది," అన్నారు. అది కొబ్బరినీళ్ళ పని కాదని ఆయన అనలేదు, నాకే అనిపించింది.

రేడియేటరు ఊడదీసి గోనెలో చుట్టి బస్సులో అమలాపురం తీసుకెళ్తుంటే నేనూ వెళ్ళాను. అన్నయ్య మీద పడ్డ అనుమానం నా కళ్ళతో చూసి నేనే తుడిచేసుకోవాలని. టంకం పెట్టే దుకాణంలో పైటాంకు ఊడదీశారు. లోపల పసుపుపచ్చటి ముద్ద, బురదలా. వాసన వచ్చింది. ఇంజను వాసన కాదు, నా వంటింటి వాసన. దుకాణం ఆయన పుల్లతో కెలికి, "పసుపూ తవుడూ కలిపి పోసేరండి. కారతా ఉంటే అలా పోస్తారండి, కొన్నాళ్ళు ఆగుద్ది. ఎక్కువగా అమ్మేముందు పోస్తారండి," అన్నాడు. మా ఇంటాయన వెంటనే, "పాత బండి కదండీ, ఎప్పుడో ఎవరో పోసుంటారు," అన్నారు. ఆయన ఆ మాట దుకాణం ఆయనతో అన్నది కాదు. తిరుగు బస్సులో కూడా, "మీ అన్నయ్యకి తెలిసుండదులే," అన్నారు.

మర్నాడు ఒక్కదాన్నే రాజోలు వెళ్ళాను. వీసా వచ్చేసింది, అన్నయ్య కొత్త సూట్‌కేసులో బట్టలు సర్దుకుంటున్నాడు. వదిన కాఫీ తెచ్చి ఇచ్చి లోపలికి వెళ్ళింది.

"రేడియేటర్లో పసుపు పోసింది నువ్వేనా అన్నయ్యా?"

చొక్కా మడత పూర్తి చేసి సూట్‌కేసులో పెట్టాకే మాట్లాడాడు. "పోసేనమ్మా. కారిపోతుంటే ఎవరు కొంటారు? అప్పుడు వీసా ఏజెంటు డబ్బుకి తొందరపెడతన్నాడు."

"బయట ఎవరికైనా అమ్ముకోవచ్చు కదా. మాకే ఎందుకు అమ్మేవు?"

"బయటివాళ్ళయితే మేస్త్రీని వెంటబెట్టుకొస్తారు. పోనీ అప్పుడు తెలీకపోయినా, తర్వాత తెలిసి ఇంటి మీదికొస్తారు. నువ్వయితే రావు కదా."

ఆ మాట అనడంలో వాడికి సిగ్గూ లేదు, కోపమూ లేదు. నన్ను మెచ్చుకుంటున్నట్టే అన్నాడు. మరి కొబ్బరినీళ్ళ వల్లేనని మా ఇంటాయన్ని నిలబెట్టి ఎందుకన్నావంటే, "ఏదోటి అనాలి కదమ్మా," అన్నాడు. మోసం ఎవరైనా చేస్తారు. కానీ ఇన్నేళ్ళూ నేను పెంచుకున్న నమ్మకాన్ని వీడు ఓ పనిముట్టులా చేతిలోకి తీసుకున్నాడు. ఎక్కడ పట్టుకుంటే పని జరుగుతుందో చూసుకుని మరీ పట్టుకున్నాడు. ముందు సీట్లో కూర్చోబెట్టిన అన్నయ్యా, ఈ అన్నయ్యా ఒకడే అని మనసు ఒప్పుకోలేదు. కాఫీ ముట్టుకోకుండా లేచి వచ్చేశాను. గొడవ పెట్టలేదు. వాడు చెప్పినట్టే జరిగింది.

ఆ సాయంత్రం మా ఇంటాయనకి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన విని, "పోన్లే, బండి బాగవుద్దిలే," అన్నారు, అంతే. నిజంగానే బాగయింది. వేరే రేడియేటరు వేశాక ఆ కారే మా ఇల్లు నడిపింది, పిల్లల్ని చదివించింది. అన్నయ్య మస్కట్ నుంచి మొదటిసారి వచ్చినప్పుడు నాకు చేతిగడియారం తెచ్చాడు. పుచ్చుకున్నాను, చాలాకాలం పెట్టుకున్నాను. పోయిన ఏడాది వాడి శవపెట్టె మీద పడి అందరికన్నా ఎక్కువ ఏడ్చింది నేనే. ఆ ఏడుపులో నాటకం లేదు.

మా ఇంటాయన ఆ కారు మాట ఎత్తి నన్ను ఒక్కనాడూ దెప్పలేదు. దెప్పినా బాగుండేది. ఇల్లు కట్టేటప్పుడు ఒక తాపీమేస్త్రీ గురించి "నమ్మకస్తుడండీ, నాకు తెలుసు" అన్నాను. "చూద్దాంలే," అని సైకిలు మీద వెళ్ళి ఇంకో ఇద్దర్ని అడిగి వచ్చారు. అమ్మాయి సంబంధానికీ అంతే, చిట్టీలు కట్టించుకునే ఆవిడ విషయంలోనూ అంతే. కావాలని చేసేది కాదు, అలా చేస్తున్నట్టు ఆయనకి తెలుసని కూడా అనుకోను. మొన్న మోకాళ్ళ నొప్పులకి కొత్త డాక్టరు గారు బాగా చూస్తున్నారని చెప్పాను. చూద్దాంలే అని, నేను వంటింట్లోకి వెళ్ళాననుకుని, గొంతు తగ్గించి పక్కింటాయన్ని అడుగుతున్నారు. అన్నయ్య మీద కోపం ఎప్పుడు పోయిందో నాకే తెలీదు. ఈ ఇంట్లో నా మాట మాత్రం ఆ వేసవిలో పోయింది, ఇన్నేళ్ళు గడిచినా తిరిగి రాలేదు.